మృదంగమునకు వారసులెవరు?

కచ్చేరి ప్రకటనపత్రములలో గాయకుని పేరు పెద్ద అక్షరములతోను, ప్రక్కవాద్యముల వారి పేర్లు దాని క్రింద చిన్న అక్షరములతోను అచ్చగుట మనకు అలవాటైన ఆచారము. సభలోనైనను అంతియే. రాగాలాపనకు తలయూచిన రసికులే తని ఆవర్తనము మొదలు కాగానే కాఫీకి లేచిపోవుచుందురు. మృదంగము లేని కచ్చేరి నిండుకచ్చేరి కాదని అందఱు నొప్పుకొందురు. కాని ఆ వాద్యముపై పలుకు చేయి ఎట్లు తయారయినది, ఆ విద్య ఎవరినుండి ఎవరికి సంక్రమించినది, ఎవరికి సంక్రమింపకయే ఆగిపోయినది అని విచారించువారు అరుదు.

ఈ విచారమునకై మేమొక జీవితమును, ఒక తాలూకాను ఎన్నుకొంటిమి. జీవితము మృదంగ విదుషి నిడుమోలు సుమతిగారిది. దండమూడి సుమతీ రామమోహనరావుగారని చెప్పినచో పలువురు వెంటనే గుర్తింతురు. తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ. ఆమెకును ఆ తాలూకాకును చుట్టరికమున్నదని మా భావము కాదు. పుట్టిన యింటి మూలమున ఆమెకు లభించినది, పావగడలో పుట్టిన బిడ్డకు ఏ మూలమున లభింపవలెనన్నదే మా ప్రశ్న.

సుమతిగారు 1950లో ఏలూరున జన్మించిరి. తండ్రి నిడుమోలు రాఘవయ్యగారు మార్దంగికులు. తొలి గురువు ఆయనయే. మృదంగము నేర్చుకొను పద్ధతి నెఱిగినవారికి ఈ చిన్నమాటలో ఎంత విశేషమున్నదో బోధపడును. త, ది, తొం, నం అను నాలుగు పలుకులతో పాఠమారంభమగును. ప్రతి పలుకును ముందు నోటితో అని, చేతితో తాళము వేసి చూచుకొని, ఆ పిదపనే వాద్యముపై చేయి వేయవలెను. కుడితలపై నడుమనుండు నల్లని కరణిని ఏ వ్రేలు ఎంత బలముతో తాకి ఎప్పుడు విడువవలెనో, రవ్వముద్ద నంటించిన ఎడమతలను అఱచేతి మడమతో ఎంత ఒత్తిన గుమ్మని పలుకునో, వ్రాసి చూపుట కలమునకు సాధ్యము కాదు. ఏడు మాత్రల మిశ్రచాపును మూడుగను నాలుగుగను విఱిచి ‘తకిట తకధిమి’ యనుట ఒక్క గంటలో వచ్చును. ఆ యేడు మాత్రలు తప్పక నిలుచుటకు మాత్రము ఏండ్లు పట్టును. కనుకనే ఈ విద్యకు ఇల్లే పాఠశాల యయ్యెను. తెల్లవాఱుజామున తండ్రి సాధకము చేయుచుండగా నిద్రలో విన్న బిడ్డకు సగము పాఠము వచ్చినట్లే.

అయితే ఈ యింటి పాఠశాలకు అలిఖితమైన ప్రవేశనిబంధన యొకటి యుండెను. గాత్రము, వీణ, వయొలిను ఆడుబిడ్డకు నేర్పవచ్చును, మృదంగము మగబిడ్డకే. ఇందుకు చెప్పు కారణములును పాతవే. పనసమ్రానితో చేసిన ఆ బరువైన వాద్యమునకు స్త్రీ చేతి బలము చాలదని ఒకటి. తోలువాద్యము కులస్త్రీకి తగదని రెండవది. పురుషుల నడుమ వేదికపై కూర్చుండి, వారితో పోటీగా తాళపు లెక్కలు కట్టుట మర్యాద కాదని మూడవది. మొదటిది నిజమైనచో పరీక్షించి చూడవచ్చును. తక్కిన రెండును పరీక్షకు నిలుచునవి కావు. అందువలననే కాబోలు అవి చిరకాలము నిలిచినవి.

ఆ కాలపు వాతావరణమెట్టిదో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. పాల్ఘాట్ మణి అయ్యరు (1912–1981) మృదంగ వాదనమున ఒక యుగమునకు కర్త. అట్టి మహావిద్వాంసుడును స్త్రీల కచ్చేరులకు వాయింపనను నియమమును చిరకాలము పాటించి, తుదకు శ్రీమతి డి.కె. పట్టమ్మాళ్ గారి గానమునకు ఆ నియమమును సడలించెను. గాయనికి వాయించుటకే ఇంత సంకోచమున్నప్పుడు, స్త్రీయే మృదంగము పట్టుటను లోకము ఎట్లు చూచియుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. తమిళదేశమున పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్లెగారి శిష్యురాలు తిరుగోకర్ణము రంగనాయకి అమ్మాళ్ వంటివారు లేకపోలేదు. కాని ఒకరిద్దఱు నడచినంత మాత్రమున కాలిబాట రాచబాట కాదు.

మృదంగమునకే తగిన పీఠము లభించుటకు చాల కాలము పట్టినదని కూడ ఇచట స్మరింపవలెను. మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు సంగీత కళానిధి బిరుదమును 1942లో నెలకొల్పిరి. ఒక మార్దంగికునకు ఆ గౌరవము 1966లో గాని దక్కలేదు. ఆయన మణి అయ్యరుగారే. స్త్రీకి తొలిసారిగా లభించినది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారికి. అనగా వాద్యము ఇరువదినాలుగేండ్లు, స్త్రీ ఇరువదియాఱేండ్లు వాకిట వేచియున్నారన్నమాట. స్త్రీయై మృదంగము పట్టినవారికి ఈ రెండు నిరీక్షణలును కూడ వచ్చును.

న్యాయదృష్టితో చూచినచో ఇందొక చిక్కున్నది. ప్రక్కవాద్య కళాకారుడు స్వతంత్రుడు కాడు. గాయకుడు కోరినగాని, సభవారు పిలిచినగాని అతనికి వేదిక లేదు. నిషేధము వ్రాతరూపమున నున్నచో దానిని కోర్టులో ప్రశ్నింపవచ్చును. అలవాటు రూపమున నున్న నిషేధమునకు ప్రతివాది యెవరు? మన రాజ్యాంగము 15వ అధికరణమున స్త్రీపురుష భేదమును బట్టి ఎవరియెడలను వివక్ష చూపరాదని ప్రభుత్వమును శాసించుచున్నది. తన ప్రక్కన ఎవరు కూర్చుండవలెనో ఎన్నుకొను గాయకునిపై ఆ శాసనము పాఱదు. పాఱవలెనని మేము కోరము కూడ. అందుచేత ఈ రంగమున అన్యాయము జరిగినను నేరస్థుడు కనబడడు. పిలుపు రాదు, అంతియే.

ఇంకొక శాస్త్రమును గూడ ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కూతురికి భాగమిచ్చినను, పిత్రార్జితమైన ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన జన్మహక్కు నీయలేదు. ఆ కొఱతను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరణచట్టము చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి అమలగునట్లు తీర్చెను. కర్ణాటకము 1994లో అట్టి చట్టమునే చేసెను. ఆనాటికే పెండ్లియైన కుమార్తెలను రెండు చట్టములును వెలుపలనే యుంచినవి. దేశమంతటికి వర్తించు సవరణ 2005లో గాని రాలేదు. కుమార్తె హక్కు పుట్టుకతోనే కలుగునది, తండ్రి బ్రతికియున్నాడా లేదా అన్న ప్రశ్న అనవసరమని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది.

ఈ తేదీల ప్రక్కన ఏలూరి యింటిని నిలిపి చూడుడు. చట్టము కుమార్తెను సమానురాలుగా చూచుటకు ఎంతో ముందే, ఒక మార్దంగికుడు తన విద్యను కుమార్తె చేతిలో పెట్టెను. పొలమును పంచుమని చట్టము ఆజ్ఞాపింపగలదు. విద్యను పంచుమని ఏ కోర్టును డిక్రీ యీయజాలదు. అది ఇచ్చువాని మనస్సును బట్టి వచ్చునది. హక్కు కాదు, అనుగ్రహము. సుమతిగారి ప్రతిభకు కొలత లేకపోవచ్చును. ఆ ప్రతిభకు అవకాశము మాత్రము ఈ యనుగ్రహము వలననే కలిగినది.

అయితే అనుగ్రహమొక్కటే చాలునా? చాలదు. ఇంట నేర్చిన విద్యకు వెలుపల కొలబద్ద యుండవలెను. ఆంధ్రదేశమున అట్టి కొలబద్దగా నిలిచినది ఆకాశవాణి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. 1952 నుండి 1962 వఱకు కేంద్రమున సమాచార ప్రసార శాఖామాత్యులుగా నుండిన బి.వి. కేస్కరుగారి కాలమున కళాకారులను పరీక్షించి శ్రేణులు నిర్ణయించు పద్ధతి స్థిరపడినది. పరీక్షించువారు కళాకారుని ముఖము చూడక, పేరు వినక, నాదమును మాత్రమే విని తీర్పు చెప్పవలెననుట దాని మూలసూత్రము. ఆ పద్ధతిపై ఆనాడు పెద్ద విద్వాంసులు ఆగ్రహించిరి. మాకా పరీక్ష యని అడిగిరి. వారి యభిమానమును మేమర్థము చేసికొనగలము. కాని చూడనిచో వాయించునది స్త్రీయో పురుషుడో చెవికి తెలియదు. పిలుపునకై గాయకుని ముఖము చూడవలసినవారికి ఈ పద్ధతి యెంతటి అండయో చెప్పనలవి కాదు.

విజయవాడలోనే సుమతిగారికి రెండవ గురువు లభించిరి. ఆయన ఆకాశవాణి మృదంగ విద్వాంసులు దండమూడి రామమోహనరావుగారు. శిష్యురాలు తరువాత సహధర్మచారిణి యయ్యెను. దంపతులిద్దఱును ఒకే వేదికపై రెండు మృదంగములతో లయవిన్యాసము చేయుట ఆంధ్ర శ్రోతలకు చిరపరిచితమైన విషయము. ఆ కార్యక్రమమున గాయకుడు కర్త కాడు, మృదంగమే కర్త. ఒకరు ఒక ఆవర్తనము వాయించిన, రెండవవారు దానికి బదులు చెప్పుదురు. అది సగమై, పావై, తుదకు ఒక్కొక్క పలుకుగా కుదించుకొనిపోయి, ఇరువురి చేతులును ముక్తాయింపులో కలియును. ఎదుటివాని లెక్కను అందుకొనలేనివాడు అక్కడ ఒక్క నిమిషమైన నిలువజాలడు. స్త్రీ చేతికి బలము చాలదన్న వాదమునకు ఇంతకు మించిన ప్రత్యుత్తరము మాకు తోచుట లేదు. 2011లో రామమోహనరావుగారు కీర్తిశేషులైరి. సుమతిగారు వాద్యమును విడువలేదు.

సంగీత నాటక అకాడమీవారు 2009 సంవత్సరపు పురస్కారమును ఆమెకిచ్చిరి. 2021లో కేంద్రప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించెను. ఆ యేటి జాబితాలో ఆమె పేరు పుట్టింటి పేరుతో నిడుమోలు సుమతి యనియే యున్నది. విద్య యే యింటినుండి వచ్చినదో ఆ యింటిపేరే ప్రభుత్వ పత్రమున నిలుచుట మాకు సమంజసముగా తోచినది. ఆంధ్రప్రదేశ్‌నుండి ఆ జాబితా కెక్కినవారు మువ్వురు. ఇద్దఱు విజయవాడ సంగీతలోకమునకు చెందినవారు: సుమతిగారును, వయొలిను విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారును. మూడవవారు అనంతపురము జిల్లాకు చెందిన అవధాని, కీర్తిశేషులు ఆశావాది ప్రకాశరావుగారు. కృష్ణాతీరమునుండి సంగీతము, రాయలసీమనుండి అవధానము! సీమ మెట్టభూములనుండి కవి వచ్చినట్లే మార్దంగికుడు, ముఖ్యముగా మార్దంగికురాలు, రావలెనన్న ఏమి చేయవలెను? ఈ ప్రశ్నయే మమ్ము పావగడకు తీసికొనిపోవుచున్నది.

పావగడ తాలూకా పటమును చూచినవారికి ఆశ్చర్యము కలుగును. తుమకూరు జిల్లాకు చెందియు ఆ జిల్లా శేషభాగమునకు అది అంటుకొనియుండదు. నడుమ ఆంధ్రదేశపు మడకశిర యున్నది. చిత్రదుర్గము జిల్లా వైపున మాత్రమే దానికి కర్ణాటకముతో భూసంబంధము. తక్కిన దిక్కులందు పాత అనంతపురము జిల్లా పల్లెలు చుట్టియున్నవి. ఊరి మీద రాతికొండ, కొండ మీద కోట. పూర్వము అది మైసూరు సంస్థానమున నుండెను. చుట్టునున్న సీమ మద్రాసు రాజధానిలో నుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును ఆ పాత సరిహద్దే నిలిచిపోయినది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము అక్కడివారికి నిత్యజీవితము. ఇందులో కలహమునకు తావు లేదు. రెండు భాషల సొమ్మును అనుభవించు భాగ్యము వారిదని మేము తలంతుము. పురందరదాసు ఏర్పఱచిన స్వరావళులతోనే తెలుగుబిడ్డకు సంగీతపు ఓనమాలు మొదలగును. త్యాగరాజు తెలుగు కృతులు లేక బెంగుళూరిలో కచ్చేరి నడవదు. సంగీతమున ఈ సరిహద్దు ఏనాడును లేదు.

వానలు తక్కువైన సీమ యది. బోరుబావుల నీటిలో ఫ్లోరైడు బాధ యున్నది. ఇటీవల ఆ తాలూకా పేరు దేశమంతట వినబడుటకు కారణము సూర్యుడు. 2018 మార్చిలో ప్రారంభమైన అక్కడి సౌరవిద్యుత్ క్షేత్రము రైతులనుండి కౌలునకు తీసికొన్న సుమారు 13,000 ఎకరములలో వ్యాపించి, 2,050 మెగావాట్ల శక్తికి పెరిగినది. పంటకు చాలని భూమినుండి పట్టణములకు వెలుగు వచ్చుచున్నది.

అక్కడ లయ లేదా? ఆ సీమ పల్లెలలో జాతర జరిగినచో తప్పెట మ్రోగకుండునా, ఉరుము పలుకకుండునా? అనంతపురము మండలపు ఉరుముల వారిని ఎఱుగని తెలుగువాడు లేడు. ఆ వాద్యములు వాయించు చేతులకు లెక్క రాదనువాడు వాటిని వినియుండడు. ఉన్నదానిని తక్కువ చేసి లేనిదానిని తెచ్చిపెట్టుట మా యభిమతము కాదు. కాని పల్లెబిడ్డ తనకు నచ్చినచో తప్పెటనుండి మృదంగమునకు నడచిపోవుటకు త్రోవ యుండవలెను. ఆ త్రోవ నేడు తండ్రి మార్దంగికుడైన యింటినుండి సులభము. తక్కిన యిండ్లనుండి మిక్కిలి కఠినము. బెంగుళూరు 150 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. వారమునకు రెండు పాఠములకై అంత దూరము పోయి వచ్చు కూలివాని కూతురిని ఊహింపగలమా?

కర్ణాటకమున తాళవాద్యములకు జూనియరు, సీనియరు, విద్వత్తు అను పరీక్షలు కలవు. ఆంధ్రదేశమున 1919లో విజయనగర ప్రభువులు స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నిలిపిన సంగీత కళాశాల మొదలుకొని ప్రభుత్వ సంగీత విద్యాలయములు కలవు. ఇవి మెచ్చదగినవి. కాని పరీక్ష గురువు కాదు. గురువు దొరకని ఊరిలో పరీక్షాపత్రమునకు విలువ లేదు. కళాశాల యున్న పట్టణమునకు పోలేని బిడ్డకు ఆ కళాశాల ప్రక్కరాష్ట్రమున నున్నను, సొంతరాష్ట్రమున నున్నను ఒకటే.

వారసత్వమను మాటకు ఇంకొక ముఖమున్నది. మృదంగమునకు తోలు తెచ్చి, కోసి, మూసి, కరణి వేసి, శ్రుతి కుదిర్చి యిచ్చువారెవరు? తమిళదేశమున తరతరములుగ ఈ పని చేయు దళిత క్రైస్తవ కుటుంబముల చరిత్రను గాయకులు టి.ఎం. కృష్ణగారు 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథముగ ప్రకటించిరి. విద్వాంసుడు కోరిన నాదమును తోలులో పుట్టించువారికి నాదజ్ఞానము లేదని ఎవరనగలరు? అయినను వాద్యమును చేయు చేతులు వేఱు, వేదికపై వాయించు చేతులు వేఱుగ నుండిపోయినవి. పనిముట్టు తరతరములుగ వారి యింటనే పుట్టుచున్నది. ఆస్తి మాత్రము వారికి సంక్రమింపలేదు. కూతురిని వెలుపల నుంచిన ఆచారమే వీరినిగూడ వెలుపల నుంచినది.

త్రాగునీరు చాలని చోట మృదంగమెందుకని అడుగువారుందురు. నీరు ముందు రావలసినదే. అందుకు మేము వ్యతిరేకులము కాము. కాని అన్నియు సమకూరిన పిదపనే కళ యన్నచో కళ యెప్పటికిని కలిగినవారి సొత్తుగనే మిగులును. సూర్యుని వెలుగును తాలూకానుండి రాజధానికి తెచ్చుటకు తీగలు వేయగలిగినవారు, ఒక గురువును రాజధానినుండి తాలూకాకు పంపలేరా? మేము కోరునది పెద్ద భవనము కాదు. నెలజీతముపై ఒక్క మృదంగోపాధ్యాయుడు, పాఠశాలలో సాయంకాలము ఒక గది, పేదబిడ్డలకు అరువుగ ఇచ్చుటకు కొన్ని మృదంగములు. దీనిని కన్నడ ప్రభుత్వము చేసినను, సరిహద్దుకు ఇవతలి తెలుగు సంస్థలు చేసినను, ఇరువురును కలిసి చేసినను మాకు సమ్మతమే.

రాజధానియందలి మా పాఠకులకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత కలదు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఉద్యోగులు: సభల కార్యవర్గములలో నున్నవారు మీరే, చందాలిచ్చువారు మీరే, ఏ గాయకునికి ఎవరిని ప్రక్కవాద్యముగ కూర్చవలెనో నిర్ణయించు సమావేశమున చేయి యెత్తువారును మీరే. చట్టము ప్రవేశింపలేని గదిలో మీరు కూర్చుండియున్నారు. ఈ యేటి ఉత్సవమున ఎన్ని కచ్చేరులలో స్త్రీ మృదంగము వాయించినది, ఎన్నింటిలో తాళవాద్యమునకే ప్రత్యేకముగ వేదిక యిచ్చితిరి అని సంవత్సరాంతమున లెక్క చూచుకొనుడు. లెక్క వ్రాయనారంభించిన చోట అలవాటు సిగ్గుపడును.

సుమతిగారి వంటి విదుషీమణిని సన్మానించి శాలువా కప్పుట సులభము. ఆమె యెట్లు సాధ్యమైనదో గ్రహించి, మఱియొకరికి దానిని సాధ్యము చేయుట కష్టము. ఇంట గురువు, పట్టణమున రెండవ గురువు, పేరు చూడక నాదమును వినిన సంస్థ, వాద్యమే కర్తయైన వేదిక: ఈ నాలుగును ఆమెకు కూడివచ్చినవి. మొదటిది పావగడ పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డకును దైవము ఇయ్యడు. తక్కిన మూడును మనుష్యులు ఇయ్యదగినవే. తండ్రి యిచ్చినది అనుగ్రహము. సంఘము ఇచ్చినప్పుడే అది హక్కగును. ఆ హక్కును స్థాపించు పని చట్టసభల వఱకు పోనక్కఱలేదు. ఒక తాలూకా, ఒక గురువు, ఒక సాయంకాలపు తరగతితో ఆరంభింపవచ్చును.